మొదటి ముక్క మింగేసి

రాత్రి మూడు నాలుగుసార్లు లేవడం అరవై దాటిన మగాళ్లందరికీ ఉండేదేలే అనుకుని రెండేళ్లు లాగించేశాను. మాది నరసాపురానికీ పాలకొల్లుకీ మధ్య కాలవ గట్టున ఊరు. ఇరిగేషన్‌లో లస్కరుగా చేరి వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను, అంటే ఉద్యోగమంతా లాకుల దగ్గర తలుపులు ఎత్తించడం, దించించడం, గేజీ చూసి పుస్తకంలో రాయడం. అలాంటివాడికి తన సొంత నీళ్లు ధారగా రాకుండా ఆగి ఆగి బొట్లు బొట్లుగా వస్తుంటే అనుమానం రావాలి కదా. వచ్చింది, నేనే పట్టించుకోలేదు. చివరికి మా ఆవిడే, "మీరు బాత్‌రూమ్‌లోంచి వచ్చేలోపు నేను లేసు రెండు వరసలు అల్లేస్తున్నానండీ, ఇదేదో తేడాగా ఉంది, చూపించుకుందాం" అంది.

భీమవరంలో రక్తపరీక్ష చేయిస్తే పీఎస్‌ఏ, అంటే మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేటు గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే పదార్థం, 11.8 వచ్చింది. 4 లోపు ఉంటే మంచిదట. గ్రంథి వాచినా, ఇన్ఫెక్షన్ ఉన్నా కూడా పెరుగుతుంది, కంగారు పడకండి అని మందులిచ్చి నెల తర్వాత మళ్లీ చూశారు. 12.3. ఆ తర్వాత ఎమ్మారై, బయాప్సీ. 12 చోట్ల ముక్క తీస్తే 5 ముక్కల్లో క్యాన్సర్. రిపోర్టు చేతికొచ్చేసరికి జనవరి రెండో వారం, క్రిస్మస్ స్టారు ఇంకా మా వరండాలో వేలాడుతూనే ఉంది, దాన్ని దింపాలన్న ధ్యాస ఇద్దరికీ లేదు, మార్చి దాకా అలాగే ఉండిపోయింది.

రిపోర్టులో గ్లీసన్ 4+3=7 అని ఉంది, క్యాన్సర్ ఎంత దూకుడుదో చెప్పే లెక్కట. మా మేనల్లుడికి తెలిసినాయనకి 3+4=7 అట, ఆయనకి డాక్టర్లు ఏమీ చేయలేదట, మూడు నెలలకోసారి పరీక్ష చేసి పంపించేస్తున్నారట. ఏడుకి ఏడే కదా అని నేను సంబరపడ్డాను. కాదు. సూక్ష్మదర్శినిలో కణాలు ఎంత మొరటుగా కనిపిస్తే అంత పెద్ద అంకె, ముక్కలో ఏ రకం ఎక్కువుంటే ఆ అంకె ముందు వేస్తారు. నాకు 4 ముందుంది. ఎముకల స్కాన్‌లో మాత్రం ఎక్కడికీ పాకలేదని వచ్చింది, ఆ రోజు మా ఆవిడ ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుని స్తోత్రం స్తోత్రం అని ఏడ్చేసింది.

ఇక ఏం చేయాలి అన్న దగ్గర మొదలైంది అసలు గొడవ. ఆపరేషన్ డాక్టరు గారు రోబోతో తీసేద్దాం, వచ్చే నెలలో చేరిపోండి అన్నారు. రేడియేషన్ డాక్టరు గారు కోయక్కర్లేదు, 20 రోజుల రేడియేషన్, ఆరు నెలల హార్మోన్ ఇంజెక్షన్, సరిపోతుంది అన్నారు. ఎవరి వాకిట్లో నిలబడితే వాళ్ల వంటే రుచి. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ నమ్మకంగానే చెప్పారు, బయటికొచ్చాక మా బుర్రలే పనిచేయలేదు.

మా ఆవిడ ఆపరేషన్ వైపు. "తీసి పారేస్తే పోతుందిగా, ఇంట్లో పాము ఉందని తెలిశాక ఎన్నాళ్లు పడుకుంటాం" అని ఆవిడ వాదన. నేను మూడో దారి పట్టుకున్నాను. యాక్టివ్ సర్వైలెన్స్ అని, అంటే ఇప్పుడే ఏమీ చేయకుండా పీఎస్‌ఏ, ఎమ్మారై, బయాప్సీలతో కనిపెట్టుకుని ఉండడం. ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. ఎంత లేచొచ్చిందంటే, ఆ ఆదివారం మా లూథరన్ చర్చిలో సాక్ష్యానికి నిలబడి, "నేను ప్రభువు చిత్తానికి అప్పగించుకున్నాను, కోతలొద్దు, ఆయన కొరకు కనిపెడతాను" అని చెప్పేశాను. వెనక వరసలోంచి ఆమెన్ అన్నారు. గుమ్మం దగ్గర చేతులు పట్టుకుని మీ విశ్వాసం గొప్పదండీ అన్నారు. ఇంటికొచ్చే దాకా మా ఆవిడ ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆ వారం నుంచి ఇంటికి జనం. ఒకాయన ఎక్కడో పెద్ద కూటంలో ప్రార్థించిన నూనె సీసా తెచ్చాడు. ఇంకొకరు లక్ష్మణఫలం ఆకు కషాయం, ఫోనులో వచ్చిన వీడియోతో సహా. దగ్గర బంధువు ఒకాయన మా హాల్లో కూర్చుని, ఆసా రాజుకి పాదాల్లో జబ్బు చేస్తే దేవుణ్ణి అడక్కుండా వైద్యుల్ని నమ్ముకున్నాడు, అందుకే పోయాడు, మందంటే అవిశ్వాసమే అని గంటసేపు చెప్పాడు. నాకు లోపల హాయిగా ఉంది, నా పక్షానే మాట్లాడుతున్నాడు కదా. కానీ ఆయన జేబులో బీపీ మాత్రల అట్ట కనిపిస్తోంది. మా హాల్లో కాటన్ దొర పటం ఉంటుంది, మా నాన్న పెట్టింది, ఆయనా ఇరిగేషనే. ఆ బంధువు వెళ్లాక మా ఆవిడ ఆ పటం వైపు చూసి, "ఆనకట్ట మధ్యలో ఉండగా ఈ దొరకి జబ్బు చేసి ఆస్ట్రేలియా వెళ్లాడని మీరేగా చెప్పేవారు" అంది. నిజమే, 1847లో పని మొదలైంది, మరుసటి ఏడే ఒళ్లు బాగోక సెలవు మీద వెళ్లిపోయాడు, బాగయ్యాక తిరిగొచ్చాడు, 1852కి ఆనకట్ట అయింది. ఈ డెల్టాలో ఆయన్ని అవిశ్వాసి అన్నవాణ్ణి నేను చూడలేదు.

మా చర్చి పాస్టరు అయ్యగారు మాత్రం అందరూ వెళ్లిపోయాక, ఓ బుధవారం సాయంత్రం ఒక్కరే వచ్చారు. బైబిల్లో హిజ్కియా రాజు సంగతి చదివారు. చావు ఖాయమన్న జబ్బు, రాజు గోడ వైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు ఇంకో 15 ఏళ్లు ఆయుష్షు ఇచ్చాడు. ఇదంతా మాకు తెలిసిందే. "ఆ తర్వాత వచనం చూశారా? పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నది కూడా యెషయా ప్రవక్తే. ఆయుష్షు ఇస్తానన్న దేవుడే ముద్ద కూడా కట్టించాడు. మీ అంజూరపు ముద్ద ఏదో నేను చెప్పలేను, నేను డాక్టర్ని కాను. కానీ ముద్ద వద్దనడమే విశ్వాసం అని మాత్రం సాక్ష్యం చెప్పకండి" అన్నారు. మొహం మీదే అన్నారు. నాకు కోపమొచ్చింది, టీ కూడా సరిగ్గా తాగమనలేదు.

ఎటూ తేలక వెల్లూరు వెళ్దామంది మా ఆవిడ. మా వైపు క్రైస్తవ కుటుంబాల్లో పెద్ద జబ్బంటే వెల్లూరే, మా అత్తగారి కాలం నుంచీ అంతే. తాడేపల్లిగూడెంలో శేషాద్రి ఎక్కి కాట్పాడిలో దిగాం. లాడ్జి వీధంతా తెలుగే, సగం మంది మన జిల్లాలవాళ్లలాగే ఉన్నారు. అక్కడ చూసిన డాక్టరు గారు కుర్రాయన. తొందర లేదు, ఒకటి రెండు నెలలు ఆలోచించుకుంటే ఏమీ కాదు అన్నారు, ముందా మాటకే మా ఇద్దరికీ ఊపిరాడింది. తర్వాత కాగితం మీద గీసి చెప్పారు. బ్రిటన్‌లో ప్రోటెక్ట్ అని ఒక పరిశోధన జరిగింది, 1,643 మందిని మూడు గుంపులు చేసి కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్, కొందర్ని కేవలం కనిపెట్టుకుని ఉన్నారు. 15 ఏళ్ల తర్వాత, 2023లో లెక్క తేలితే, ఈ క్యాన్సర్‌తోనే చనిపోయినవాళ్లు ఏ గుంపులో చూసినా నూటికి ముగ్గురు దరిదాపే.

15 అనగానే నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. హిజ్కియా.

"చూశావా, ఏమీ చేయకపోయినా ఒకటే" అన్నాను నేను గబుక్కున. డాక్టరు గారు ఆపారు. కనిపెట్టుకుని ఉన్న గుంపులో ఇతర భాగాలకి పాకడం 9.4 శాతం, మిగతా రెండింటిలో 5 దగ్గర, పైగా అలా ఉన్నవాళ్లలో నూటికి 61 మంది ఆ 15 ఏళ్లలో ఏదో ఒక వైద్యం చేయించుకోక తప్పలేదు. అన్నిటికన్నా ముఖ్యం, అందులో ఎక్కువమందిది నాకంటే నెమ్మదైన రకం. "మీది గ్లీసన్ 6 అయితే ఇంటికెళ్లి హాయిగా ఉండమనేవాణ్ణి. 4+3కి అలా చెప్పలేను." మా ఆవిడ ఆపరేషన్ గురించి అడిగితే, ఎమ్మారైలో గడ్డ గ్రంథి పొర అంచుకి ఆనుకుని ఉంది, తీశాక అంచులో కణాలు మిగిలితే మళ్లీ రేడియేషన్ ఎలాగూ పెట్టాల్సి రావచ్చు అన్నారు. ఆవిడ ఆలోచనలో పడింది. ఇంకో లెక్క కూడా చెప్పారు. అదే పరిశోధనలో, ఏడేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్య మూత్రం లీకై ప్యాడ్ వాడుతున్నవాళ్లు ఆపరేషన్ గుంపులో 18 నుంచి 24 శాతం, రేడియేషన్‌లో 3 నుంచి 8. రేడియేషన్‌కి దాని బాధ దానికుంది, మలం లీకవడం 12 శాతం, మిగతావాళ్లకి దానిలో సగం. దాంపత్యం సంగతి ఏది చేసినా దెబ్బే, ఏమీ చేయకపోయినా వయసుతో దెబ్బే. ఈ ముక్క ఆయన మా ఇద్దరి ముందూ చెబుతుంటే నేను గోడ మీద క్యాలెండర్ చూశాను.

ఇంటికొచ్చాం. ఈస్టరు ముందొచ్చే శ్రమదినాలు మొదలయ్యాయి. నేను మళ్లీ అదే పాట, ప్రభువు చిత్తం, ఆయనకి వదిలేద్దాం, గిద్యోనులా ఓ గుర్తు అడుగుదాం, వచ్చే పరీక్షలో పీఎస్‌ఏ తగ్గితే ఆగమన్నట్టు, పెరిగితే చేయించుకోమన్నట్టు. సాయంత్రం పెరటి గట్టు మీద కూర్చున్నాం, ఆవిడ చేతిలో లేసు, కాలవలో గుర్రపుడెక్క తేలుతూ పోతోంది. అల్లిక ఆపకుండానే అంది. "సిలువ వేసే ముందు రాత్రి గెత్సేమనేలో ప్రభువుకి భయం లేదని ఎక్కడుందండీ? చెమట కారిపోయేంత భయపడ్డాడు, ఈ గిన్నె తీసేయమని అడిగాడు. నీ చిత్తం అన్నది ఆ తర్వాత. మీరు మొదటి ముక్క మింగేసి రెండోదే చెబుతున్నారు, చర్చిలో కూడా అదే చెప్పారు."

నేను చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత చెప్పాను, నాకు చావంటే అంత భయం లేదు, ఉచ్చ బట్టల్లో పోతే భయం. ఇన్నేళ్లు ఈ కాలవ మీద షట్టరు కింద చుక్క కారినా రబ్బరు సీలు మార్పించినవాణ్ణి, నా లాకే పట్టు తప్పితే, చర్చిలో బల్ల తడిస్తే, మనవడు తాతా వాసన అంటే. ఆ తర్వాత ఇంకోటీ చెప్పాను. మగాడిగా పనికిరాకుండా పోతానేమోనని. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు, చీకటి పడింది కాబట్టి అనగలిగాను. ఆవిడ సూది కింద పెట్టి, "పిల్లల పియ్యీ ఉచ్చా మీ అమ్మ పియ్యీ ఉచ్చా ఎత్తాను, మీదెంత" అంది. రెండోదానికి జవాబు చెప్పలేదు గానీ నా చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. ఆ రాత్రి ప్రార్థనలో మొదటిసారి, ప్రభువా నాకు భయంగా ఉంది అని పైకి అన్నాను. ఆవిడ ఆమెన్ అంది.

చిత్రమేమిటంటే చివరికి మేమిద్దరం మొదట వద్దనుకున్నదే పట్టుకున్నాం. అంచు సంగతి విన్నాక ఆవిడ ఆపరేషన్ వదిలేసింది, నేను కనిపెట్టడం వదిలేశాను. మార్చిలో మొదటి హార్మోన్ ఇంజెక్షన్, మే నెలలో విజయవాడలో రేడియేషన్. ఉద్యోగుల హెల్త్ కార్డు ఉంది కాబట్టి వైద్యం ఖర్చు చాలావరకు గడిచింది, గది అద్దె, తిండి మనవే. సోమవారం నుంచి శుక్రవారం దాకా, నాలుగు వారాలు. మిషన్ కింద పది నిమిషాలు కూడా ఉండదు, నొప్పి లేదు. దాని ముందుదే నరకం. పేగు ఖాళీగా ఉండాలి, మూత్రసంచి నిండుగా ఉండాలి, అప్పుడే కిరణాలు పక్క భాగాలకి తక్కువ తగులుతాయట. అర లీటరు నీళ్లు తాగించి ముప్పావు గంట బిగబట్టుకోమనేవారు. ప్రోస్టేటు మనిషిని! ఒకరోజు ముందువాళ్లది ఆలస్యమై నేను ఆగలేక పరుగెత్తాను, వరస పోయింది, మళ్లీ నీళ్లు, మళ్లీ ముప్పావు గంట. ఊళ్లో అప్పుడే కాలవలు కట్టేశారని ఫోనొచ్చింది, నేను కూడా కట్టేసుకునే కూర్చున్నానని చెప్పాను.

మూడో వారం నుంచి నీరసం, మంట, రోజుకి అయిదారుసార్లు విరేచనం. హార్మోన్ ఇంజెక్షన్‌తో ఇంకో తమాషా, విజయవాడ మే ఎండలో ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిరి లేచి చొక్కా తడిసిపోయేది. నేను ఫ్యాను ఫ్యాను అంటుంటే మా ఆవిడ పడీ పడీ నవ్వింది. "నలభై ఎనిమిదో ఏట నాకిలా అయితే కరెంటు బిల్లన్నారు, గుర్తుందా?" గుర్తులేదు. ఆవిడకి తారీఖుతో సహా గుర్తుంది.

రెండో ఇంజెక్షన్ జూన్‌లో అయింది. విరేచనాలు సర్దుకోవడానికి రెండు నెలలు పట్టింది, నీరసం క్రిస్మస్ దాకా ఉంది. పీఎస్‌ఏ 0.1కి దిగింది. నేను పొంగిపోయి చర్చిలో మళ్లీ సాక్ష్యం చెప్పాను, ఈసారి భయం సంగతి కూడా చెప్పాను, ఆమెన్‌లు తక్కువ వచ్చాయి. అయితే వైద్యం అయిన ఏడాదికి అది 0.6 అయింది. ఆ పది రోజులు మా ఇంట్లో అన్నం సరిగ్గా ఎవరూ తినలేదు. హార్మోన్ మందు ప్రభావం పోయాక ఇలా కాస్త లేవడం మామూలే, ఎంత తక్కువకి దిగిందో దాని మీద 2 పెరిగితేనే తిరగబెట్టినట్టు లెక్క అని డాక్టరు గారు చెప్పాక గానీ కుదుటపడలేదు. తర్వాత పరీక్షలో 0.3. ఇప్పటికి రెండేళ్లు దాటింది. లీకు లేదు. ఎప్పుడైనా విరేచనంలో నెత్తురు చార కనిపిస్తుంది, చెప్పాను, చూస్తున్నారు. దాంపత్యం సంగతి అడక్కండి, బాధగానే ఉంది, కానీ ఇప్పుడు దాని గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

రాత్రి ఇంకా రెండుసార్లు లేస్తాను. నేను మంచం దిగిన చప్పుడుకి ఆవిడ కళ్లు తెరవకుండానే అడుగుతుంది, "భయమా, ఒంటేలా?" అని. ఎక్కువసార్లు ఒంటేలే.