నాలుగో వంతు కన్నా ఎనిమిదో వంతు ఎందుకు చిన్నది?

ఆరో తరగతి బోర్డు మీద 1/4, 1/8 పక్కపక్కన రాసి ఏది పెద్దదని అడిగి చూడండి. 1/8కి లేచే చేతులు తక్కువేమీ ఉండవు. "ఎనిమిదే పెద్దది కదేటి మాస్టారూ" అంటారు. ఆ గుంటలను తప్పుపట్టడానికి లేదు. ఒకటో తరగతి నుంచి అంకె పెద్దదైతే విలువ పెద్దదనే మనం నేర్పుకుంటూ వచ్చాం. హారం దగ్గరికి వచ్చేసరికి ఆ అలవాటు తిరగబడుతుంది. తిరగబడిందని పిల్లలకు తెలియకముందే కనిష్ట సామాన్య గుణిజం (క.సా.గు.)లోకి తోసేస్తాం. పదో తరగతిలో కూడా భిన్నం కనిపిస్తే పెన్ను ఆగిపోవడానికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం. క.సా.గు. పది రోజులు ఆలస్యమైతే నష్టం లేదు. భిన్నం ఎంత ఉంటుందో కంటికి ఆనకుండా సూత్రం వస్తేనే నష్టం.

మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఈ తిరకాసు చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. పలాస జీడిపప్పు గ్రేడ్లు చూడండి: డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320. పౌను బరువుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని గుళ్లు తూగుతాయో ఆ నంబరు చెబుతుంది. 180 రకంలో ఒక్కో పప్పు సుమారు రెండున్నర గ్రాములు, 320 రకంలో సుమారు 1.4 గ్రాములు. నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది, ధర తగ్గుతుంది. పలాస, కాశీబుగ్గ వైపు పిల్లలకు ఇది ఇంట్లో తెలిసిన సంగతే. పొందూరు దగ్గరైతే నూలు నంబరు తీసుకోండి. అంతే బరువు నూలుకు ఎన్ని చిలపలు (నూలు చుట్టలు) వస్తాయన్నదే ఆ నంబరు కాబట్టి నలభై కంటే నూరో నంబరు నూలు సన్నం. ఈ రెండింటిలో మీ ఊరికి దగ్గరైనది బోర్డు మీద పెట్టి, "నంబరు పెద్దదైతే వస్తువు ఎందుకు చిన్నదవుతోంది?" అని అడిగి ఊరుకోవాలి. జవాబు మనం చెప్పకూడదు. "అంతే బరువును ఎక్కువమందికి పంచాలి కదా" అనే మాట పిల్లల నోట రావాలి. ఆ తర్వాతే 1/180, 1/320 అని రాయాలి.

తర్వాతి మెట్టు కొలపాత్రలు. కుంచానికి రెండు అడ్డలు, అడ్డకు రెండు మానికలు, మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు, సోలకు రెండు అరసోలలు, అరసోలకు రెండు గిద్దలు. అంతా సగం చేసుకుంటూ దిగే లెక్కే. పాత రూపాయి కూడా అంతే: 16 అణాలు, అందులో సగం అర్ధరూపాయి, ఆపైన పావలా, బేడ, అణా. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేదాకా బజారు లెక్క సగాల మీదే నడిచింది. తాతల నోట్లో పరక, వీసం ఇంకా ఉన్నాయి కాబట్టి ఇంటికెళ్లి అడిగి రమ్మనడం మంచి హోంవర్కు. పరక 1/8, వీసం 1/16.

క్లాసుకు కుంచం మోసుకురానక్కర్లేదు. తవ్వ, సోల, గిద్ద దొరికితే చాలు. ముందు ఊహ, తర్వాత కొలత, ఈ వరస తప్పకూడదు. "తవ్వ నిండటానికి ఎన్ని గిద్దలు?" అని అడిగి ప్రతి ఒక్కరూ అంకె నోటుబుక్కులో రాశాకే పాత్ర ముట్టుకోవాలి. ఎనిమిది గిద్దలకు తవ్వ నిండుతుంది, కాబట్టి గిద్ద తవ్వలో 1/8. ఇప్పుడు అదే గిద్దను సోలలో పోయండి. నాలుగింటికి నిండుతుంది, కాబట్టి సోలలో 1/4. గిద్ద మారలేదు, దాని భిన్నం మారింది. ఇక్కడ ఎవరో ఒకరు "అయితే 1/8, 1/4 ఒకటేనా?" అని తప్పక అడుగుతారు. పాఠం మొత్తంలో దీనికి మించిన ప్రశ్న ఉండదు. తొందరపడి జవాబివ్వకండి. దేనిలో వంతు అన్నది చెప్పకుండా భిన్నాన్ని పోల్చకూడదని తేలేదాకా వాదించుకోనివ్వండి. ఆ రోజు నుంచి నోటుబుక్కులో ఒంటరిగా 1/8 రాస్తే టిక్కు పెట్టొద్దు. "1/8 తవ్వ" అనో, తర్వాత కాగితం పట్టీల దగ్గరైతే "1/8 పట్టీ" అనో రాయాల్సిందే.

ఈ పనిలో పాడయ్యేవి ఏమిటో ముందే తెలిస్తే మంచిది. తడి ఇసుక వాడితే లెక్క తప్పుతుంది. కొంచెం చెమ్మ తగిలినా ఇసుక ఉబ్బి పాత్రలో వదులుగా కూర్చుంటుంది. పొడి ఇసుక గానీ, బియ్యం గానీ వాడాలి. ఒకరు రాశిగా పోసి ఇంకొకరు చదునుగా పోస్తే ఎనిమిది కాస్తా ఏడో తొమ్మిదో అవుతుంది. అందుకని స్కేలు అంచుతో పైన ఒక్కసారి గీసి సమం చేయాలి. ఊరిని బట్టి కొలపాత్రల్లో తేడాలుంటాయి, సొట్టలు పడినవీ ఉంటాయి, కాబట్టి క్లాసుకు తెచ్చేముందు ఒకసారి పోసి చూసుకోవాలి. పాత్రలు దొరకలేదని స్టీలు గ్లాసుకు సగం ఎత్తున గీత పెట్టి "ఇది అర" అనడం మాత్రం వద్దు. గ్లాసు పైకి వెళ్లేకొద్దీ వెడల్పు కాబట్టి సగం ఎత్తుకు సగం కంటే తక్కువే పడుతుంది.

సగాల లెక్కలో ఒక లోపం ఉంది. ఎన్నిసార్లు సగం చేసినా మూడో వంతు రాదు. అందుకే కాగితం పట్టీలు కావాలి.

మామూలు ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, పొడవు 29.7. దాని పొడవులో 24 సెంటీమీటర్లు ఉంచి, 3 సెంటీమీటర్ల వెడల్పున కోస్తే సరిగ్గా ఏడు పట్టీలు వస్తాయి. ఒకటి మొత్తం, మిగిలిన ఆరు 1/2, 1/4, 1/8, 1/3, 1/6, 1/12. అంటే ఒక కాగితం ఒకరికి ఒక సెట్టు. 30 మంది ఉంటే 30 కాగితాలు, ఇద్దరికొకటైతే 15. కాగితం చివర మిగిలే 5.7 సెంటీమీటర్ల ముక్క కవరు మీద పేరు చీటీకి పనికొస్తుంది. 24 ఎందుకంటే దాన్ని 2, 3, 4, 6, 8, 12 నిశ్శేషంగా భాగిస్తాయి. 30 సెంటీమీటర్ల స్కేలంత పట్టీ కోసుకుంటే ఎనిమిదో వంతు 3.75 దగ్గర పడి, స్కేలు సరిగా చూడటం రాని పిల్లలు అక్కడే చిక్కుకుపోతారు.

సగం, పావు మడతతో వస్తాయి. ఎనిమిదో వంతుకు వరసగా మూడు మడతలు పెడితే కాగితం దళసరికి గీతలు జరిగి కొన్ని గళ్లు పెద్దవవుతాయి. పావు మడత విప్పి, ఒక్కో గడినీ విడిగా సగం మడిస్తే సరిపోతుంది. సరిగ్గా వచ్చిందో లేదో చూడటం సులువు: 3 సెంటీమీటర్ల పట్టీలో ఎనిమిదో వంతు అచ్చమైన చతురస్రం. మూడో వంతుకు పట్టీని ఎస్ ఆకారంలో వంచి, నొక్కకుండా, మూడు పొరల అంచులూ కలిసేదాకా జరిపి అప్పుడు నొక్కాలి. ఇది అందరికీ ఒకేసారి రాదు. రానివారికి గీతల నోటుబుక్కు ఉంది. పట్టీ ఒక చివరను ఒక గీత మీద పెట్టి, రెండో చివర 24వ గీతను తాకేలా ఏటవాలుగా ఆనించాలి. మొదలుపెట్టిన గీతను సున్నాగా లెక్కపెట్టాలి. 8వ గీత, 16వ గీత పట్టీని దాటేచోట చుక్కలు పెడితే మూడు సమాన భాగాలు. గీతల మధ్య దూరం ఎంతన్నది పట్టదు, అన్నీ సమదూరంలో ఉంటే చాలు. పదో తరగతిలో థేల్స్ సిద్ధాంతం పేరుతో వచ్చేది ఇదే. ఆరో తరగతిలో ఆ పేరు అవసరం లేదు. అయిదో వంతు కావాలంటే 25 గీతలు తీసుకుని అయిదేసి లెక్కపెట్టాలి.

పట్టీలు తయారయ్యాక మొదటి రోజు కూడిక వద్దు. పోల్చడం, సమాన భిన్నాలు వెతకడం, అంతే. 1/2 కింద 2/4, 3/6, 4/8, 6/12 పేర్చి అన్నీ ఒకే గీత దగ్గర ఆగాయని వేలు పెట్టి చూపించాలి. రంగులు వేయించే పని పెట్టకండి. పీరియడంతా క్రేయాన్లకే పోతుంది.

కూడిక 1/2 + 1/3తోనే మొదలుపెట్టాలి, 1/4 + 1/4తో కాదు. కలిపే ముందు ఒకే ప్రశ్న: "జవాబు అర కంటే ఎక్కువా, తక్కువా?" ఎక్కువే అని అందరూ అంటారు. తర్వాత లెక్క చేయమంటే కొందరు 2/5 రాస్తారు. దాన్ని కొట్టేయకుండా పట్టీ మీద కొలవమనండి. 24లో 2/5 అంటే 9.6 సెంటీమీటర్లు, అర పట్టీయే 12 సెంటీమీటర్లు. ఉన్నదానికి ఇంకొంత కలిపితే తగ్గిందా? ఈ ప్రశ్న ఎర్ర ఇంకు కంటే గట్టిగా పనిచేస్తుంది. ఇక అర ముక్క పక్కన మూడో వంతు ముక్క పెట్టి, రెండింటినీ మిగలకుండా కొలవగల ముక్క ఏదో వెతకమనాలి. పావుకు మూడో వంతు లొంగదు, ఎనిమిదో వంతుకూ లొంగదు. ఆరో వంతుకు రెండూ లొంగుతాయి: మూడు ముక్కలు, రెండు ముక్కలు, మొత్తం అయిదు. ఎవరో పన్నెండో వంతుతో 10/12 తెస్తారు. అదీ ఒప్పే. చిన్న హారంతో పని జరుగుతుంటే పెద్దది ఎందుకన్న చోట క.సా.గు. పేరు చెప్పొచ్చు. అప్పటికి అది సూత్రంగా కాక అవసరంగా వచ్చింది.

2/5 రాసినవారి గురించి ఇంకో మాట. వాళ్ల జవాబు వేరే ప్రశ్నకు ఒప్పు. మొదటి రోజు రెండు కబడ్డీ ఆటల్లో ఒకటి గెలిచారు, మర్నాడు మూడింటిలో ఒకటి గెలిచారు, మొత్తం అయిదింటిలో రెండు. ఇక్కడ 2/5 నిజమే, కానీ ఇది భిన్నాల కూడిక కాదు. రెండు రోజుల ఆటలను ఒక గుంపుగా కలిపాం, అంటే 'మొత్తం' మారిపోయింది. తవ్వ, సోల దగ్గర వాదించుకున్న క్లాసుకు ఇది చప్పున అందుతుంది.

పట్టీలతో ఒక చిక్కు ఉంది. ఒకటి దాటిన భిన్నాలు వాటిలో ఇమడవు. "అయిదు బై నాలుగు ఎలా ఉంటుంది, నాలుగు ముక్కలే ఉంటే?" అని ఆగిపోతారు. అందుకు వరండా స్తంభాల మధ్య పురికొస కట్టాలి. సున్నా దగ్గర ముడి, 240 సెంటీమీటర్ల దగ్గర 1, 480 దగ్గర 2. ముడులకు కలిపి అయిదున్నర మీటర్లు కొనండి. బిగుతుగా లాగి కట్టాక గుర్తులు పెట్టాలి. వదులైతే మధ్యలో వేలాడి కొలతలు తప్పుతాయి. కార్డులు బట్టల క్లిప్పులతో తగిలిస్తారు: 1/3 సున్నా నుంచి 80 దగ్గర, 7/8 210 దగ్గర, 11/12 220 దగ్గర, 7/6 280, 5/4 300, 3/2 360. టేపు చివరికే, ముందు కంటి అంచనా. సమాన భిన్నాల కార్డులు ఒకదాని కింద ఒకటి వేలాడాలి.

తప్పకుండా జరిగే పొరపాటు ఒకటుంది. 1/2 కార్డు ఇస్తే తీసుకెళ్లి తాడు మధ్యలో, అంటే 1 ఉన్నచోట తగిలిస్తారు. తాడులో సగం పెట్టారు గానీ సంఖ్య సగం కాదు. అక్కడ ఉన్న 1 కార్డును చూపించి రెండూ ఒకటేనా అని అడిగితే వాళ్లే వెనక్కి జరుపుతారు. 7/8, 11/12 కార్డులకు మాత్రం కాస్త సమయం ఉంచుకోండి. రెండింటికీ క.సా.గు. తీసి 21/24, 22/24 అనడం ఒక దారి. ఒకటికి ఎంత తక్కువో చూడటం ఇంకో దారి. ఒకదానికి 1/8 తక్కువ, రెండోదానికి 1/12 తక్కువ. జీడిపప్పు లెక్క గుర్తున్నవారికి 1/12 చిన్నదని తెలుసు కాబట్టి 11/12 పెద్దది. ఈ రెండో దారి వచ్చినవారు భిన్నాలను నిజంగా చూస్తున్నట్టు.

నోటుబుక్కు లెక్కలకు పుస్తకంలో ఉన్నవి చాలు. రెండు మాత్రం మన దగ్గరివి చేర్చుకోవచ్చు. మధ్యాహ్న భోజనంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి తలకు 150 గ్రాముల బియ్యం, అంటే కిలోలో 3/20. నలభై మందికి 40 × 3/20, ఆరు కిలోలు. రెండోది భూమి. ఎకరం నూరు సెంట్లు, దాన్ని ముగ్గురు అన్నదమ్ములు పంచుకుంటే తలా ఎంత? పిల్లలు 33 రాసి వదిలేస్తారు. అలాగైతే ఒక సెంటు, 48.4 చదరపు గజాలు, ఎవరిదీ కాకుండా మిగులుతుంది. ఆ జాగాలో చిన్న ఇల్లు కట్టొచ్చు. 33.33 అని దశాంశంలో రాసినా చిటికెడు మిగులుతూనే ఉంటుంది. 33 1/3 సెంట్లు అంటే ఒక్కొక్కరికి 14,520 చదరపు అడుగులు, ఇక పేచీ లేదు.

భాగహారం మరో వారానికి. అప్పుడు కూడా తిరగేసి గుణించమనే సూత్రం ముందు వద్దు. 2 ÷ 1/4 అంటే రెండు పట్టీల్లో పావు ముక్కలు ఎన్ని పడతాయి? ఎనిమిది. ఇది అందరికీ వస్తుంది. మర్నాడు 1 ÷ 2/3 ఇవ్వండి. 24 సెంటీమీటర్ల పట్టీలో 16 సెంటీమీటర్ల ముక్క ఒకసారి పడుతుంది, 8 మిగులుతుంది. ఆ 8 పట్టీలో మూడో వంతు కాబట్టి జవాబు 1 1/3 అంటారు. సూత్రం వేసినవారికి 3/2 వస్తుంది. రెండు జవాబులనూ బోర్డు మీద పక్కపక్కన ఉంచి, మిగిలిన 8ని దేనిలో వంతుగా చూడాలో అడగండి. కొలిచే ముక్క 16, కాబట్టి 8 దానిలో సగం.