మా ల్యాబ్‌కి పెప్టైడ్ మెషీన్ ఎలా ఎంచుకున్నామంటే

విశాఖ మద్దిలపాలెంలో మాది చిన్న ల్యాబ్. ముగ్గురు పీహెచ్‌డీ విద్యార్థులు, నేను, రసాయనాల ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ ఒకే ఒక్కటి. ఎనిమిదేళ్లుగా పెప్టైడ్లు, అంటే అమైనో ఆమ్లాల గొలుసులు, చేత్తోనే చేస్తూ వచ్చాం. గాజు పాత్రలో రెజిన్ పూసలు వేసి, వాటికి అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటిగా తగిలిస్తూ పోవాలి. మెరిఫీల్డ్ 1963లో చూపించిన దారి ఇదే, 1984లో ఆయనకు నోబెల్ వచ్చిందీ దీనికే. అమైనో ఆమ్లం చివర రక్షణగా ఉండే ఎఫ్‌మాక్ అనే మూతను తీయడం, కడగడం, తర్వాతిది కలపడం, మళ్లీ కడగడం. 24 అమైనో ఆమ్లాల పెప్టైడ్ అంటే మా పిల్లలకు వారం రోజులు డీఎంఎఫ్‌తోనే గడిచిపోయేది. అది కడుపులో బిడ్డకు హాని చేయగల ద్రావణి. మా విద్యార్థుల్లో కొత్తగా పెళ్లయిన అమ్మాయి ఒకరోజు "మేడం, ఇంకెన్నాళ్లు ఇలా చేత్తో?" అని మెల్లగా అడిగింది. మెషీన్ కొనాలని ఆ రోజే అనుకున్నాను.

మూడు కొటేషన్లు వచ్చాయి. ముగ్గురూ ముందు చెప్పింది వేగం గురించే. మాకు వేగంతో అంత పని లేదు. శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టింది సోమవారం పొద్దున్నకి అయితే చాలు. నాకు కావాల్సింది ప్రతి జోడింపూ పూర్తిగా జరగడం. ఒక్కోసారి 99 శాతం కలిస్తే, 23 జోడింపుల తర్వాత సరైన గొలుసు 79 శాతం మిగులుతుంది. అదే 97 శాతమైతే సగమే.

అందుకే యూవీ మానిటర్ లేని మెషీన్ వద్దన్నాను. పిపెరిడీన్ అనే రసాయనంతో ఎఫ్‌మాక్ ఊడినప్పుడు ఏర్పడే పదార్థాన్ని 301 నానోమీటర్ల యూవీ కాంతి దగ్గర కొలవొచ్చు. గ్రాఫ్‌లో పీక్ చిన్నదైతే ముందటి జోడింపు సరిగా జరగలేదని అర్థం. ఇన్నాళ్లూ మేం కైజర్ టెస్ట్ అనే రంగు పరీక్ష పెట్టి, పూసలు నీలంగా మారాయా (అంటే జోడింపు పూర్తి కాలేదని) లేదా అని దీపం కింద పట్టుకుని చూసేవాళ్లం.

వేడితో జోడింపులు త్వరగా చేసే మైక్రోవేవ్ మెషీన్ మీద మనసు పోయిన మాట నిజం. కానీ మా పెప్టైడ్‌లో ఆస్పార్టిక్ ఆమ్లం పక్కనే గ్లైసిన్ ఉంది. వేడి పెరిగితే అక్కడ ఆస్పార్టిమైడ్ అనే అక్కర్లేని పదార్థం ఏర్పడే ప్రమాదం ఎక్కువ. సిస్టీన్, హిస్టిడిన్‌లకూ ఎక్కువ వేడి మంచిది కాదు. మా సీక్వెన్స్‌నే డెమోగా చేసివ్వమని ముగ్గురినీ అడిగాను. ఒక్కరే చేశారు, అదీ గది ఉష్ణోగ్రత దగ్గర. గ్రాఫ్ ఒక్కటే కాదు, ముడి పెప్టైడ్ కూడా పంపారు. దాన్ని, స్వచ్ఛత చూసే మా హెచ్‌పీఎల్‌సీ పరికరం మీద మళ్లీ నడిపి చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

ఇంకో భయం ఉప్పుగాలి. రెండేళ్ల కిందట వేరే పరికరంలో కనెక్టర్లు తుప్పు పట్టి, విడిభాగం రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఒక విద్యార్థి థీసిస్ ఆగిపోయింది. ఆ టెన్షన్ మళ్లీ పడలేను. అందుకే వాల్వులు మేమే విప్పి మార్చుకోవచ్చా, సర్వీస్ ఇంజనీరు ఏ ఊళ్లో ఉంటారు అన్నవి కాగితం మీద రాయించుకున్నాను. ఇక్కడి తేమకు డీఎంఎఫ్ నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి, సీసాలన్నీ నైట్రోజన్ కింద ఉండే ఏర్పాటు కూడా అడిగాను.

డెమో చేసిచ్చిన మెషీనే తీసుకున్నాం. పోయిన శుక్రవారం మొదటి రన్ పెట్టాం. తొలి మూడు పీకులు ఒకే ఎత్తులో వచ్చేదాకా అందరం నిలబడి చూశాం. తర్వాత ఆ అమ్మాయి గ్లోవ్స్ తీసేసి, ఆరింటికల్లా భీమిలి బస్సెక్కింది.