తల పట్టని స్వెట్టరు

స్వెట్టరు సగం తలకెక్కి ఆగిపోయినప్పుడు, లోపలినుంచి మా అమ్మాయి "నంగె బేడ" అన్నది. కన్నడంలో నాకొద్దని. ఇంట్లో తెలుగే మాట్లాడాలని బెంగళూరు వచ్చిన నాడే నియమం పెట్టినదాన్ని కనుక, పిల్ల ఆ ఉన్నిలో ఉక్కిరిబిక్కిరవుతున్నా నా నోట ముందుగా వచ్చిన మాట "తెలుగులో చెప్పు" అనే. ఆ తరువాతే స్వెట్టరు లాగాను. చెవులు ఎర్రగా కందిపోయాయి. "మెడ పట్టేస్తోందమ్మా" అని తెలుగులోనే చెప్పి వెళ్లిపోయింది.

మెడ బిగిసింది నా తొందరవల్లే. మా అల్లిక యంత్రం మీద 4.5 మిల్లీమీటర్ల ఎడంతో 200 సూదులుంటాయి. మెడపట్టీకి 96 వాడాను. ముగించేటప్పుడు చివరి సూది మీది కుట్టును పక్క సూదికి మార్చి, ఆ రెండింటిలోంచీ దారాన్ని ఒకే కుట్టుగా లాగి, దానిని మళ్లీ పక్కకు మారుస్తూ పోవాలి. ప్రతిసారీ సూదుల మధ్యనున్న చిన్న మేకు వెనకనుంచి దారం తిప్పితేనే అంచు వదులుగా, ఒకే కొలతలో వస్తుంది. ఆ రాత్రి నేను మేకులను వదిలేశాను. అంచు నున్నగా కుదిరింది గానీ సాగలేదు.

పక్క అతుకులు మాత్రం నిదానంగానే వేశాను. ఒక ముక్క అంచున మొదటి రెండు నిలువు వరుసల మధ్యనుండే అడ్డుదారాన్ని ఎత్తి, రెండో ముక్కలోనూ అలాగే ఎత్తి, నిచ్చెన మెట్లెక్కినట్టు పోయి మెల్లగా లాగితే రెండూ చేరువై, అతుకు పైకి కనపడదు.

ఆ ఉన్ని కొన్న చిక్‌పేట దుకాణంలో నేను బేరమాడింది కన్నడంలోనే. నా తప్పులు దిద్దింది అమ్మాయే. అనంతపురంలోని అమ్మమ్మతో తను ఫోనులో గంటసేపు మాట్లాడగలగడం ఇంటి నియమం వల్లనేనని తోటి తల్లులకు చెబుతుంటాను, ఇప్పటికీ నమ్ముతాను. అయితే వద్దన్న మాట సైతం నా భాషలోకి వచ్చేదాకా ఆగవలసిందేనా అన్నది ఇప్పుడు తేల్చుకోలేకపోతున్నాను.

ఆదివారం భుజం అతుకు విప్పి, మెడ అంచు ఊడదీసి, కుట్లను తిరిగి సూదులకెక్కించాము. "ఒందు, ఎరడు, మూరు" అని తను లెక్కపెడుతోంది. నలభై దాటాక "తెలుగులో" అనేశాను. తను ఆగింది. లెక్క తప్పిపోయింది. ఇద్దరమూ మొదటి సూది దగ్గరకు తిరిగి వచ్చాము.