రొయ్యల్లో గోధుమ ఎక్కడిది అంటరా

మా చెల్లె కొడుక్కి సీలియాక్, అంటే గోధుమ లాంటి వాటిల్ల ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు, అని తేలినంక వాడికి గోధుమ, బార్లీ, రై ఏదీ పెట్టొద్దన్నరు డాక్టర్లు. రొయ్యలకేం భయం, ఉప్పు కారం పట్టిచ్చి ఏంచుడే కదా అని మా అత్తమ్మ అంటది. నిజమే, రొయ్యల గ్లూటెన్ ఉండదు, అల్లం ఎల్లిగడ్డల ఉండదు, కానీ పక్కదారిల వస్తది అది.

ముందుగాల ఇంగువ. డబ్బాల అమ్మేది ఉత్త ఇంగువ కాదు, అసలు ఇంగువ మస్తు ఘాటు కాబట్టి దాన్ని పిండిల కలిపి అమ్ముతరు, ఆ పిండి చానా వాటిల్ల మైదానే. డబ్బా ఎనక చిన్న అక్షరాలల్ల రాసి ఉంటది, చూడుండ్రి. బియ్యప్పిండితో చేసినయి కూడా దొరుకుతయ్ గానీ రొయ్యలకు ఇంగువతోని పనే లేదు, నేనైతే వెయ్యనే వెయ్య. సోయా సాస్ మామూలుది గోధుమ వేసి పులియబెట్టిందే, మాల్ట్ వెనిగర్ బార్లీది. రెండూ పక్కన పెట్టి నిమ్మకాయ పిండుకుంటే అయిపాయె.

ఇగ గిర్ని. ఇది ఎవ్వరూ పట్టిచ్చుకోరు. మీ బియ్యం పొయ్యకముందు ఎవరివో గోధుమలు పట్టి ఉంటరు, రాయి సందుల ఆ పిండి అట్లనే ఉంటది, మీ బియ్యప్పిండిల కలిసే వస్తది. మన దేశంల గ్లూటెన్ ఫ్రీ అని రాయాల్నంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటొద్దు, అంటే చిటికెడు కూడా ఎక్కువే. అందుకే గుప్పెడు బియ్యం మిక్సీల పట్టి జల్లించుకుంట.

అర కిలో రొయ్యలు, పొట్టు తీసి, వీపు మీద కత్తితో చిన్నగ గీసి నల్లదారం లాగేసి, కడిగి బట్టతో తడి లేకుండ అద్దాలె, తడి ఉంటే మసాలా పట్టదు, పెనం మీద నీళ్లొదిలి ఉడుకుతయ్ గానీ ఏగవు. అల్లం ఎల్లిగడ్డ ముద్ద ఒక చెంచెడు, పసుపు పావు చెంచ, ధనియాల పొడి ఒక చెంచ, ఉప్పు, పల్లి నూనె రెండు చెంచలు, బియ్యప్పిండి రెండు చెంచలు. కారం మాత్రం చపాట మిర్చిది. మన వరంగల్ దిక్కు పండే ఈ మిర్చికి 2025ల జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతం సరుకు అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది, టమాటలెక్క లావుగ ఉంటది, మంట తక్కువ, రంగు మాత్రం గొప్పగ వస్తది, కాబట్టి రెండు చెంచలు వేసినా పిల్లలు తింటరు. మంట కావాల్నంటే జర తేజ కారం కలుపుకోండ్రి. ప్యాకెట్ మసాలాలు కొంటే వెనకాల గోధుమ ఉందా అని చదివే కొనుండ్రి.

నిమ్మరసం ఆఖరికి, అరచెక్క చాలు, పిండినంక పదిహేను ఇరవై నిమిషాలే ఉంచాలె. రాత్రంతా నానబెడ్తే పులుపుకు రొయ్య గట్టిపడి రబ్బరైతది, మటన్ లెక్క కాదిది.

పెనం బాగ కాలినంక కల్యామాకు వేసి, పూరీలు గాల్చిన నూనె కాకుండ కొత్త నూనెల, ఒక్కో దిక్కు రెండు నిమిషాలు. జర వంగి ఎర్రగయితే దించెయ్యాలె, గుండ్రంగ ముడుచుకున్నదంటే ఎక్కువైనట్టే.

జొన్నరొట్టెతో తినొచ్చా అని అడుగుతరు. తినొచ్చు, కాకపోతే ఆ జొన్నపిండి ఎక్కడ పట్టిచ్చిన్రు, మళ్ల అదే గిర్ని ముచ్చట. మేమైతే అన్నంల పప్పుచారు పోసుకొని పక్కన పెట్టుకుంటం.