గోదురు కప్పల నోట్‌బుక్: వానాకాలం మొదటి సగం

జూన్ చివరి వారం

తొలకరి బాగానే పడింది. కుంటలో మోకాలి లోతు నీళ్లు చేరాయి. ఈ ఏడాది నోట్‌బుక్ మొదటి పేజీలో ఒకే ప్రశ్న రాసుకున్నాను: గోదురు కప్ప ఎవరి నుంచి ఎలా బయటపడుతుంది, ఎవరి దగ్గర దాని పాచిక పారదు? మా సంగారెడ్డి వైపు ఇవి వీధి దీపాల కిందికే పురుగుల కోసం వచ్చి కూర్చుంటాయి. వెతుక్కునే పనే లేదు.

సామాను కొంచెమే. తలకు కట్టుకునే టార్చి మీద ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు వేశాను. తెల్ల వెలుతురు పడితే కప్ప బిగుసుకుపోతుంది, ఎర్ర వెలుతురులో తన పని తాను చేసుకుంటుంది. ఫోటోలకు ఫోను, క్లిప్ లెన్స్ చాలు. ఫ్లాష్ వద్దు. ఇంకో టార్చికి బటర్ పేపర్ చుట్టి పక్క నుంచి పట్టుకుంటే చర్మం గరుకు చక్కగా పడుతుంది. గమ్ బూట్లు మాత్రం తప్పనిసరి, కట్లపాములు తిరిగేదీ ఆ గట్టు మీదే.

జులై

ఇంతవరకు నాకు దొరికిన మంచి దృశ్యం ఒక పిల్లిది. అది వాసన చూస్తూ దగ్గరికి రాగానే కప్ప ఊపిరి నింపుకుని ఉబ్బింది, నాలుగు కాళ్ల మీద లేచింది, తల కిందికి వంచి పిల్లి వైపు పెట్టింది. పారిపోయే ప్రయత్నమే లేదు. పిల్లి ఒకసారి పంజాతో తట్టి, వెళ్లిపోయింది.

ఉబ్బితే పాము నోటికి పట్టడం కష్టం. తల వంచడంలో ఇంకో లెక్క ఉంది. కళ్ల వెనక చిక్కుడు గింజల్లా ఉబ్బెత్తుగా కనిపించేవి విషగ్రంథులు. అలా వంచితే శత్రువు నోటికి ముందు తగిలేవి అవే. నొక్కినా కొరికినా వాటిలోంచి తెల్లటి పాలలాంటి ద్రవం వస్తుంది. అందులోని బ్యూఫాడైఎనోలైడ్లు అనే విషాలు గుండె కణాల్లో సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి పంపే పంపును ఆపేస్తాయి. గుండె లయ తప్పుతుంది.

కప్పను తాకితే పులిపిర్లు వస్తాయని పిల్లలు భయపడతారు. రావు, వాటికి కారణం మనుషుల్లో ఉండే ఒక వైరస్. అయినా తాకితే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, కళ్లు నలుపుకోకూడదు. కుక్క నోట కరుచుకుంటే దాని తల కిందికి వంచి, నీళ్లు గొంతులోకి పోకుండా నోరు పక్క నుంచి కడిగి, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఆగస్టు

పొద్దున గట్టు మీద జెర్రిపోతు ఒకటి గోదురు కప్పను మింగుతోంది. కప్ప బాగా ఉబ్బి ఉంది, పాము తొందరపడలేదు. నా ప్రశ్నలో రెండో సగానికి జవాబు ఇక్కడే ఉంది. ఈ కప్పల్ని తినే పాముల్లో చాలావాటికి ఆ పంపు ప్రొటీన్‌లోనే చిన్న చిన్న మార్పులున్నాయి, అందుకే విషం దానికి గట్టిగా అంటుకోదు. ఆసియా, ఆఫ్రికా ఉడుములదీ అదే కథ. ఆస్ట్రేలియా ఉడుములకు ఆ రక్షణ లేదు. చెరకు పురుగుల్ని తింటాయని 1935లో క్వీన్స్‌లాండ్‌లో దక్షిణ అమెరికా జాతి గోదురు కప్పల్ని వదిలారు. వాటిని నోట పెట్టుకున్న ఉడుములు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మడగాస్కర్. అక్కడ తొయామసినా రేవు దగ్గర 2014లో కొత్తగా కనిపించింది అచ్చంగా మన గోదురు కప్ప జాతే. అక్కడి జంతువుల్లో దాదాపు వేటికీ ఈ విషాన్ని తట్టుకునే మార్పు లేదని జన్యు పరిశీలనలో తేలింది. మన గట్టు మీద జెర్రిపోతుకు ఆహారమయ్యే కప్ప అక్కడ చాలా జంతువులకు చావు కాగలదు. విషం ఎంత గట్టిదో కప్ప ఒక్కదాన్నే చూసి చెప్పలేం, ఎదుటి జంతువు ఏ తరాల నుంచి దానితో కలిసి బతికిందో కూడా చూడాలి.

నోట్‌బుక్‌లో కొత్తగా జిల్లేడు పేజీ తెరిచాను. ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఆ ఆకులే తింటాయి. జిల్లేడు పాలలోని కార్డినోలైడ్లు అనే విషాలు కూడా గుండె కణాల్లోని ఆ పంపునే పట్టుకుంటాయి. కప్ప తన విషాన్ని ఒంట్లోని కొలెస్ట్రాల్ నుంచి తయారుచేసుకుంటుంది, పురుగు చెట్టు దగ్గర అరువు తెచ్చుకుంటుంది.

సెప్టెంబరులో తోకకప్పలు చూడాలి. గోదురు కప్ప పిల్లలు నల్లగా, గుంపులుగా ఈదుతాయి. అదే కుంటలో వేరే కప్పల పిల్లలూ ఉన్నాయి. కొంగలు వచ్చే ఆరింటికల్లా గట్టు మీద కూర్చుని, ఏ గుంపు వైపు ముక్కు వేస్తున్నాయో రెండు గడుల్లో రాయబోతున్నాను.