షాడ్ చేప, చిన్నాయన వల

ఈ ఫిబ్రవరిలో మేనకోడలి పెళ్లికని కర్నూలు వచ్చాను. పెళ్లి హడావిడి తీరిన మర్నాడే పొద్దున్నే తుంగభద్ర ఒడ్డుకు పోయాను. హంద్రీ వచ్చి కలిసే చోటుకు కొంచెం ఎగువన మా చిన్నాయన ఎప్పటిలాగే బండ మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. సొంత చిన్నాయన కాదు, మా వీధి చివరింటి బెస్తాయన. పదేళ్ల వయసులో నా చేతికి విసురు వల ఇచ్చి నేర్పింది ఆయనే.

"ఏమబ్బీ, అమెరికాలో ఏం పని చేస్తాండావు?" అన్నాడు.

"బావ వాళ్ల గ్యాస్ స్టేషన్‌లో కౌంటర్ చూసుకుంటా చిన్నాయనా. పక్కనే పెద్ద డ్యామ్ ఉంది. ఆదివారం ఆదివారం వల కూడా ఇసురుతుంటా."

ఆయన సూది పక్కన పెట్టేశాడు. "వలా? నువ్వా? ఏం చేపకు?"

మధ్యాహ్నం అన్నాల వేళ దాకా నేను చెప్తూనే ఉన్నాను. ఆ చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

మా అక్క వేసిన పిటిషన్ కదిలి గ్రీన్ కార్డ్ వచ్చేసరికి నాకు నలభై దాటాయి. ఇక్కడ ఎరువుల కొట్లో లెక్కలు రాసిన అనుభవం అక్కడ దేనికీ పనికిరాలేదు. బావ గ్యాస్ స్టేషన్ టెక్సస్, ఓక్లహామా సరిహద్దులో టెక్సోమా సరస్సు దగ్గర ఉంటుంది. రెడ్ రివర్ మీద 1944లో డెనిసన్ డ్యామ్ పూర్తయ్యాక నిలిచిన నీళ్లవి, దాదాపు 89 వేల ఎకరాలు. సముద్రం నుంచి నదుల్లోకి ఎక్కి గుడ్లు పెట్టే స్ట్రైప్డ్ బాస్ (వాడుకలో స్ట్రైపర్) అనే చేపను 1960లలో తెచ్చి అందులో వదిలారు. చాలా జలాశయాల్లో ఆ చేప పిల్లలను మళ్లీ మళ్లీ వదలాల్సిందే. టెక్సోమాలో మాత్రం అదే గుడ్లు పెట్టి పెరుగుతుంది. రెడ్ రివర్ నీళ్లలో సహజంగానే కొంత ఉప్పు ఉంటుంది. గుడ్లు మునిగిపోకుండా కొట్టుకుపోయేంత పొడవైన పారుదల కూడా ఉంది. ఆ చేప కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వాళ్లను పడవల్లో తిప్పి చేపలు పట్టించే గైడ్‌లు ఉంటారు.

నా షిఫ్ట్ తెల్లవారుజామున నాలుగింటికి మొదలు. మొదట వచ్చేది ఆ గైడ్‌లే. కాఫీ, పెట్రోలు, ఐసు, దాంతోపాటు అయోడిన్ కలపని రాళ్ల ఉప్పు. ఉప్పు ఎందుకో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. ఒకరోజు ఒక పెద్దాయనను అడిగేశాను. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, భుజం నొప్పితో చెయ్యి పైకెత్తలేడు. "నా షాడ్‌కు" అన్నాడు. ఈ భుజంతో వల వేయడం కష్టమవుతోందని కూడా అన్నాడు. వల అనే మాట వినగానే నాకు ఆగలేదు, "నేను వేస్తాను" అన్నాను. అప్పటికి అక్కడికొచ్చి రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో నాకు వచ్చిన పని ఒకటి ఉందని నా నోటితో చెప్పుకోవడం అదే మొదటిసారి.

షాడ్ అంటే ఏంటో చిన్నాయనకు చెప్పడానికి తిప్పలు పడ్డాను. గోదావరిలో పులస ఉంది కదా, దానికి దూరపు చుట్టం. వెండిలా మెరుస్తుంది, పొలుసు మీద చెయ్యి పెడితే ఊడి వస్తుంది, ఒంటినిండా ముళ్లు. రెండు రకాలు దొరుకుతాయి. త్రెడ్‌ఫిన్ చిన్నది, తోక పసుపుపచ్చగా ఉంటుంది, వీపు మీది రెక్కలో చివరి ముల్లు దారంలా సాగి ఉంటుంది. చలికి అసలు ఆగదు, నీళ్లు ఏడెనిమిది డిగ్రీలకు పడితే గుంపులు గుంపులు చచ్చి తేలతాయి. రెండోది గిజార్డ్ షాడ్. పెద్దదవుతుంది, జానెడు దాటుతుంది. కోడికి ఉన్నట్టే దీనికీ కందనకాయ ఉంటుంది, పేరు దాన్నుంచే వచ్చింది.

"గాలానికి పడదా?" అన్నాడు చిన్నాయన.

పడదు. అది నీళ్లలోని కంటికి కనపడని నాచును, పురుగులను వడగట్టుకుని తింటుంది. ఎర్రలు గుచ్చినా, పిండి ముద్ద పెట్టినా తిరిగి చూడదు. అందుకే వల. మనం కొరమీనుకు బతికున్న కప్పను గుచ్చినట్టు వాళ్లు స్ట్రైపర్‌కు బతికున్న షాడ్‌ను గుచ్చుతారు.

మొదటి ఆదివారం లైసెన్స్ కొనుక్కుని పడవెక్కాను. టెక్సోమాకు రెండు రాష్ట్రాల నీళ్లకూ చెల్లే లైసెన్స్ విడిగా ఉంటుంది. ఇంకా చీకటి. రేవులో దీపం కింద నీళ్లు చిటపటమని చిన్న వాన పడ్డట్టు కదులుతున్నాయి, అవి షాడ్‌లు. తాడు ఉచ్చు ఎడమ మణికట్టుకు వేసుకుని, వల సగం మడిచి మోచేతి మీద వేసుకుని, ఒక సీసం గుండు పళ్లతో పట్టుకుని, ఒళ్లు తిప్పి వదిలాను. పళ్లెంలా గుండ్రంగా విచ్చుకుని పడింది. పెద్దాయన ఏమీ అనలేదు, ఇంకోసారి వెయ్యమని చేత్తో చూపించాడు. ఇది రాస్తుంటే కూడా నాకు ఆ పొద్దుటి ఆనందం అట్లాగే గుర్తొస్తోంది.

వల వేయడం వచ్చినంత మాత్రాన పని వచ్చినట్టు కాదని మూడో వారం తెలిసింది. తాను వచ్చేలోపు పడవలోని ట్యాంకు నింపి పెట్టమన్నాడు. సరస్సు నీళ్లు పంపుతో ఎక్కించాలి. ఆ రోజు గాలికి నీళ్లు బురదగా కనపడి, శుభ్రంగా ఉంటాయని నేను కుళాయి నీళ్లు పట్టాను. అరవై దాకా షాడ్‌లు పట్టి అందులో వేశాం. కాసేపటికే ఒకటి పక్కకు ఒరిగింది, తర్వాత నాలుగు, తర్వాత అన్నీ తెల్లటి పొట్టలు పైకి తేల్చాయి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కదా, అది వాటి మొప్పలను కాల్చేసింది. పడవలో ఒక తండ్రి, ఎనిమిదేళ్ల కొడుకు కూర్చుని ఉన్నారు. ఆ పిల్లవాడు ట్యాంకులోకే చూస్తున్నాడు. నాకు తల ఎత్తడం చేతకాలేదు.

పెద్దాయన కేకలేయలేదు. ట్యాంకు వంచేసి, కడిగి, సరస్సు నీళ్లు నింపి, అప్పుడు ఒక్కొక్కటీ చెప్పాడు. ట్యాంకు గుండ్రంగానే ఎందుకు ఉండాలంటే షాడ్ ఒక్క నిమిషం కూడా నిలవదు, ఈదుతూనే ఉంటుంది. మూలలుంటే అక్కడ కుప్పపడి ముక్కులు కొట్టుకుని ఎర్రబారి చస్తాయి. గాలి బుడగలు ఆగకూడదు. పొలుసు రాలినప్పుడు ఒంట్లోని ఉప్పు నీళ్లలోకి పోతుంది కాబట్టి ట్యాంకులో ఉప్పు వేస్తారు. నీళ్ల మీద నురగ కడితే వాటి జిగురు, మలం ఎక్కువయ్యాయని గుర్తు, వెంటనే నీళ్లు మార్చాలి. ఎండాకాలం ఐసును నేరుగా వేయకుండా మూసిన సీసాలో పెట్టి వేయాలి. అన్నిటికంటే ముఖ్యం, చేత్తో పట్టుకోకూడదు. గుచ్చేటప్పుడు మాత్రం తడి చేత్తో తీసి, రెండు ముక్కు రంధ్రాల గుండా గాలం దూర్చి వదలాలి. అప్పుడు అది నీళ్లలో మామూలుగా ఈదుతుంది. అట్లా ఈదే దాన్నే స్ట్రైపర్ వచ్చి కొడుతుంది.

ఆ రోజు మళ్లీ వల వేసి ముప్పై పట్టాను. పదింటికి ఆ పిల్లవాడి గాలానికి వాడి చెయ్యంత చేప పడింది. ఈ షాడ్‌లను స్టోర్‌లో అమ్ముకోవచ్చు కదా అని బావ అన్నాడు గానీ అట్లా కుదరదు. అమ్మాలంటే వేరే లైసెన్స్ కావాలి. పైగా మనం పట్టుకున్న బతికున్న ఎరను పట్టిన నీళ్లలోనే వాడాలని టెక్సస్ నియమం. 2009లో జీబ్రా మస్సెల్ అనే, పడవ నీళ్లతో వేరే జలాశయాలకు పాకే ఆల్చిప్ప టెక్సోమాలో బయటపడ్డాక పడవలో చుక్క నీళ్లు లేకుండా వంపేసి గానీ రేవు దాటనివ్వరు. ఆ పట్టింపు నాకు నచ్చింది. మన నీళ్ల మీద కూడా మనకు అంత శ్రద్ధ ఉండాలని గట్టిగా అనిపిస్తుంది.

చిన్నాయన అంతా విని వల గురించే అడిగాడు. "చెయ్యి తగలకుండా ఎట్ల తీస్తారబ్బీ? మన వలకు అంచున సంచులు మడిచి ఉంటాయి గదా, చేప దాంట్లో ఇరుక్కుంటాది. చేత్తో తీయాల్సిందే."

అక్కడి వలకు సంచులుండవు. నడినెత్తిన చేతిగాజులాంటి రింగు ఉంటుంది. అంచు చుట్టూ కట్టిన సన్న దారాలన్నీ ఆ రింగులోంచి దూరి పైన తాడుకు కలుస్తాయి. తాడు లాగితే అంచంతా లోపలికి ముడుచుకుంటుంది. రింగు పట్టుకుని పైకెత్తితే వల విచ్చుకుని చేపలు ట్యాంకులోకి జారతాయి. ఇసుక మీద పుల్లతో గీసి చూపించాను.

ఆయన ఆ గీతనే చాలాసేపు చూశాడు. "వల కన్ను ఎంత ఉండాల?"

"మూడు నాలుగు అంగుళాల చేపకైతే సెంటీమీటరు లోపు. పెద్దదైతే తల దూర్చి మొప్పల దగ్గర ఇరుక్కుని చచ్చిపోతాది. వెడల్పు 14 అడుగులు దాటకూడదు, అక్కడి రూలు."

చిటికెన వేలు తన వల కంట్లో దూర్చి చూసుకున్నాడు. "ఇది పెద్దది" అన్నాడు. లేచి ఇంటికి నడిచాడు, నేను వెనకే పోయాను. లోపల చిన్నమ్మ సామాన్లన్నీ వెతికి ఒక పాత ఇత్తడి గాజు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నీ ఫ్లయిట్ ఎప్పుడు?"

"వచ్చే గురువారం."

"సీసం అక్కడ కట్టుకో, బరువైతాది. వల నేనల్లి ఇస్తా" అని, కొత్త నైలాన్ దారం ఉండ తీసి, దారం కొసను గాజుకు ముడివేశాడు.