దగ్గు మందు ముందా, బీపీ మాత్ర ముందా?

తెనాలిలో మా నాన్న మందుల షాపులో ఒక పొడవాటి ఖాతా పుస్తకం ఉండేది. నెల జీతం మీద బతికేవాళ్ల అరువులన్నీ అందులోనే. సెలవుల్లో ఆ పద్దులు కూడటం నా పని. ఒకరోజు రిటైరైన లెక్కల మాస్టారు మూడో సీసా దగ్గు మందు కోసం వచ్చారు. నాన్న సీసా తీయకుండా పుస్తకం వెనక్కి తిప్పారు. "మాస్టారూ, బీపీకి ఎనలాప్రిల్ మొదలుపెట్టింది శ్రావణంలో. అంతకుముందు మీ పద్దులో ఒక్క దగ్గు మందూ లేదు. డాక్టరు గారితో ఈ మాట చెప్పండి" అన్నారు. డాక్టరు మాత్ర మార్చారు, కొన్ని వారాల్లో దగ్గు పోయింది. చేతికొచ్చిన బేరం పోగొట్టారని అమ్మ చాలాకాలం దెప్పింది.

ఇప్పుడు నేను చేసేది ఫార్మకోఎపిడెమియాలజీ. "ఏ జబ్బుల డాక్టరువమ్మా?" అని పెళ్లిళ్లలో అడుగుతారు. డాక్టరును కాను. బీఫార్మసీ చదివి గణాంక శాస్త్రం వైపు మళ్లాను. మందు బజారులోకి వచ్చాక ఏం చేస్తోందో రికార్డుల్లో వెతుకుతాను. బజారులోకి రాకముందు చేసే ట్రయల్‌లో 3,000 మంది వాడినా ఒక్కరికీ రాని దుష్ప్రభావం, బయట వెయ్యి మందిలో ఒకరికి వచ్చేదైనా కావచ్చు. అందుకే ఈ వెతుకులాట.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, డెన్మార్క్ పరిశోధకుడు యెస్పర్ హాలస్ 1996లో ప్రచురించిన వ్యాసం చదివాను. గుండె మందులు, కుంగుబాటు మందులు రెండూ మొదలుపెట్టినవాళ్లను తీసుకుని, ఏది ముందు, ఏది తర్వాత అని లెక్కపెట్టాడు. సంబంధం లేకపోతే రెండు వైపులా ఇంచుమించు సమానంగా ఉండాలి. ఒకవైపే మొగ్గితే అనుమానించాలి. చదువుతూ నవ్వాగలేదు, మా ఖాతా పుస్తకమే కదా ఇది! పొగతాగే మనిషి మాత్రకు ముందూ తాగుతాడు, తర్వాతా తాగుతాడు. ఎవరికి వారే పోలిక కాబట్టి పొగతాగేవాళ్లకూ తాగనివాళ్లకూ ఉండే తేడా దానంతటదే కొట్టుకుపోతుంది.

ఉత్సాహంగా ఎనలాప్రిల్ జాతి మాత్రలకూ దగ్గు మందులకూ ఆ లెక్క వేశాను. మాత్ర తర్వాత దగ్గు మందు మొదలుపెట్టినవాళ్లకూ, ముందే మొదలుపెట్టినవాళ్లకూ మధ్య నిష్పత్తి ఘనంగా వచ్చింది. మా పై అధికారి ఒకటే అడిగారు: "ఈ ఏళ్లలో దగ్గు మందుల వాడకమే పెరిగిందేమో చూశారా?" ఏటా వాడకం పెరిగే మందు ఎలాగూ ఎక్కువమందికి రెండోదిగానే పడుతుంది. దాన్ని సరిదిద్దే సూత్రం హాలస్ వ్యాసంలోనే ఉంది, నేను ఆ పేజీ దాటేశాను. సరిదిద్దాక నిష్పత్తి బాగా దిగింది, అయినా ఒకటికి పైనే నిలిచింది.

మేం వాడేది బ్రిటన్ కుటుంబ వైద్యుల రికార్డులు, పేర్లు తీసేసినవి. 1987 నుంచి పోగవుతున్న దత్తాంశం. అయితే అక్కడ చాలామంది దగ్గు మందు చీటీ లేకుండానే షాపులో కొనుక్కుంటారు. అది రికార్డుకెక్కదు. ఈ ఒక్క విషయంలో నాన్న పుస్తకమే మెరుగని ఫోనులో చెప్పాను.

"అటక మీదే ఉంది, వచ్చినప్పుడు తీసుకెళ్లు. మాస్టారి బాకీ కూడా అందులోనే ఉంది" అన్నారు.